ఎనిమిది దారులు, ఒక నూలుపోగు

“దిగిపోతన్నానమ్మా. ఆ పొట్టిదారి సరిసేశాకే పంపిస్తాను.”

“పంపు తల్లీ. కంటిని నమ్మకు, పోగెట్టి కొలిసి సూడు.”

విజయనగరం బస్సులో ఆ ఇంజనీరు పిల్ల దిగేముందు మేము అనుకున్న మాటలివి. పేరు అడగలేదు. నా పక్కన ఒళ్ళో పెద్ద కాగితం పరుచుకుని కూర్చుంది.

“ఏటమ్మా అది, ముగ్గా?” అన్నాను.

నవ్వింది. “యాంటెన్నాను పెద్దది సేసి గీసిన బొమ్మ, మిల్లీమీటరు తరంగాలకి. సిగ్నలు ఒక్కసోట ఎక్కి, ఎనిమిది దారుల్లో సీలి, దాన్ని గాల్లోకి వదిలే ఎనిమిది రేకులకీ ఒక్కసారే సేరాల. ఎంట్రుకంత తేడా వచ్చినా పక్కకెల్లిపోతాది. ఇయాలే తయారీకి పంపాల.”

మా ఆయన పొందూరులో మగ్గం నేసినన్నాళ్ళూ పడుగు సాగదీసింది నేనే. ఒక్క పోగు పొట్టిదైనా బట్ట ముడుచుకుపోతుంది. ఆయన పోయినా నా చేతికి ఆ పని గుర్తుంది. సంచిలోంచి నూలుపోగు తీసి, ఒక్కో దారి మీదా వంపు వంపుకీ ఆనించి కొలిచాను. ఆరోది తక్కువొచ్చింది.

“ఇది పొట్టిదే.”

స్కేలు పెట్టి చూసుకుంది. “నిజమేనమ్మా! వంపు మార్సినప్పుడు పొడుగు సూడ్డం మరిసిపోనాను” అని నా చెయ్యి పట్టుకుంది.

సంతకం తప్ప నాకు అక్షరాలు రావు. అయినా అప్పటినుంచి కాగితమంటే బెరుకు లేదు. ఇదంతా నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది.

ఒసే కోడలా, రాసింది సదువు. ఎక్కడ పొట్టయినాదో నేను సెప్తాను.