మా మామగారు సరిచేసిన క్రికెట్

ఈ రోజు ఉదయం షిఫ్టు దిగి, పాల్వంచలో మా క్వార్టర్‌కి రాగానే టీవీలో క్రికెట్ వీడియో గేమ్ పెట్టాను. ఇరవై ఓవర్లలో నాలుగు వందలు కొట్టడం రెండేళ్లుగా నాకు మామూలు. ఈ రోజు పదకొండుకే ఆలౌట్!

"గేమ్ పాడైంది!" అని అరిచాను.

కరెంటు ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మా మామగారు పేపర్లోంచి తలెత్తారు. ఆయన జన్మలో గేమ్ ఆడలేదు.

"పాడు గాలే అల్లుడా, నేనే సెట్టింగ్ మార్చిన."

"ఎందుకు మామా?"

"నిన్న నాలుగొందలు కొట్టినవు, ఒక్క వికెట్ పోలే. ప్లాంటుల ఏ మీటరన్న గట్ల అంతా మంచిగనే చూపిస్తే, ముందు ఆ మీటరునే అనుమానించెటోళ్లం. సెట్టింగుల చూస్తే బిగినర్ మీదున్నది. నిజం ఆటకు దగ్గరగ పెట్టిన. ఇప్పుడొచ్చింది అసలు రీడింగు."

రెండేళ్లూ బిగినర్‌లోనా! షిఫ్టులో అందరికీ చెప్పుకున్న నా సెంచరీలన్నీ గుర్తొచ్చాయి.

పైగా మామగారు, షిఫ్టు అప్పగించేటప్పుడు లాగ్‌బుక్‌లో రాసే అలవాటు పోక, గోడ క్యాలెండర్ మీద ఈ రోజు గడిలో రాసి సంతకం కూడా పెట్టారు: "బిగినర్ నుంచి హార్డ్‌కు మార్చడమైనది. ఆటగాడిని పరిశీలనలో ఉంచవలెను."

మీ గేమ్ ఏ లెవెల్లో ఉందో ఒకసారి చూసి నిజం చెప్పండి. నేనైతే పరిశీలనలో ఉన్నాను.