డ్యాష్‌బోర్డు మీద మచ్చ

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, కొనాలనుకుంటున్న పాత స్పోర్ట్స్ కారు ఫొటోలు చూసుకుంటున్నాను. అన్నీ ఒరిజినల్ భాగాలేనని, మొదటి నుంచీ తనే ఓనరునని అమ్మే పెద్దాయన చెప్పాడు. పక్కన నిలబడ్డ ఒకాయన, మెకానిక్ కాబోలు, గోళ్లలో నల్లటి గ్రీజు, నా ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"అన్నా, డ్యాష్‌బోర్డు మీద దేవుణ్ణి అంటించిన మచ్చ ఉన్నదా చూడు. గిన్నేండ్లు మన ఊర్ల తిరిగిన బండికి మచ్చ లేదంటే, బోర్డు మార్చిండ్రన్నట్టే" అని పంజాగుట్టలో దిగిపోయాడు.

ఎర్రమంజిల్‌లో కారు చూశాను. మచ్చ ఉంది, సిలువ ఆకారంలో. పెద్దాయన నుదుట మూడు విభూతి రేఖలు. ఓనరు మారాడో, దేవుడు మారాడో నాకు తేలలేదు.

ఆయన్ను అడగకుండానే కారు కొన్నాను. ఆ మచ్చ మీద మాత్రం ఇప్పటికీ ఏదీ అంటించలేకపోతున్నాను.