నీరుగంటికి తెలియని నీళ్ళు

మొన్న మనవరాలు తెలుగు పుస్తకం పట్టుకొచ్చి, అవ్వా, ఆటుపోట్లు అంటే ఏమని అడిగింది. కష్టసుఖాలమ్మా అని చెప్పబోయి ఆగిపోయినాను. మన ఈడువాళ్ళందరం ఆ మాటను అట్లనే వాడుకున్నాము కదా, సంసారంలో ఆటుపోట్లు, వ్యాపారంలో ఆటుపోట్లు అని. అది సముద్రం నీళ్ళు రోజూ దిగి మళ్ళీ ఎక్కడానికి పేరని హోసూరు, కృష్ణగిరి తట్టు మెట్ట నేల మీద పుట్టిన మనకు ఎవరు చెప్పినారు? నాకు తెలిసింది గానీ, ఒక పూట ఆలస్యంగా తెలిసింది.

మా ఊరు తళికి దగ్గర. నాయన ఊరి నీరుగంటి, అంటే చెరువు తూము తీసేది, మూసేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చెప్పేది ఆయనే. కట్ట మీద నిలబడి ఒక చూపు చూసి, ఈ నీళ్ళు వరికి చాలవప్పా, రాగి పెట్టుకోండి అంటే పెద్ద రైతులు కూడా నోరెత్తకుండా రాగే నాటేవాళ్ళు. ఆయనకు అదొక గర్వం, మాకూ గర్వమే, దాచేదేముంది. తొంభైల్లో మాట ఇది. నేను హోసూరులో ఒక కంపెనీకి షిఫ్టుకు పోతా ఉంటిని, చెల్లెలు బర్గూరులో కాలేజీ చదువుతా ఉండింది. దానిది ఒకటే పోరు, సముద్రం చూడాలని. మా తట్టు పెద్ద చెరువున్న ఊళ్ళకు సముద్రమనే పేరు పెడతారు కదా, ఈ సముద్రాలు చూసి చూసి విసుగొచ్చింది, అసలుది చూపించండి అనేది.

ఆయుధపూజ సెలవులకు అమ్మా నాయనా మేమిద్దరమూ రామేశ్వరం పోయినాము. తిరుగుదారిలో ఒక బెస్తపల్లె ముందర, ఒడ్డుకు కాస్త ఎడంగా, చిన్న ఇసుక దీవి కనబడింది. చెల్లెలు పోదాం పోదాం అని నాయన చెయ్యి పట్టుకుని లాగింది. పొద్దున మోకాలి లోతు నీళ్ళే, నడిచే పోవచ్చు. ఒడ్డున వల బాగుచేసుకుంటా ఉన్న ఒకామె, ఎండ ముదరక ముందే వచ్చేయండి, నీళ్ళు ఎక్కుతాయి అని అరవంలో చెప్పింది. నాయన నవ్వినాడు.

“దిగిన నీళ్ళు వాన లేకుండా ఎట్ల ఎక్కుతాయమ్మా?”

చెరువు ఒకసారి దిగితే మళ్ళీ వాన పడేదాకా దిగుతానే ఉంటుంది, పుట్టినప్పటినుంచి ఆయన చూసింది అదే. ఆకాశంలో మబ్బుతునక లేదు. నీళ్ళ సంగతిలో ఆయన మాట కాదని వేరేవాళ్ళ మాట వినడం మా ఇంట్లో లేదు.

దీవిలో నాలుగు ముళ్ళచెట్లు, మిగతాదంతా తెల్లటి ఇసుక. అమ్మ చిత్రాన్నం పెట్టింది, చెల్లెలు ఓణీలో గవ్వలు ఏరింది, నేనింక ఇంటికి రాను, ఈడనే గుడిసె వేసుకుంటాను పొండి అని మమ్మల్ని ఆటపట్టించింది. నాయన అంత నవ్వింది నేనెప్పుడూ చూడలేదు. తిని, చెట్టునీడన కాస్త నడుము వాల్చి, పొద్దు వాలేటప్పుడు లేచి చూస్తే వచ్చిన దారి లేదు.

ఆ నీళ్ళు మళ్ళీ వాటంతటవే దిగుతాయని తెలియక, చీకటి పడకముందే దాటాలని, అమ్మ నా చెయ్యి, నాయన చెల్లెలి చెయ్యి పట్టుకుని దిగినాము. నడుము దాటింది, ఎద దాటింది. చెరువు నీళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. ఈ నీళ్ళు కాళ్ళకింద ఇసుకతోసహా మనిషిని ఈడ్చుకుపోతాయి. పడవవాళ్ళు చూసి వచ్చి పైకి లాగినప్పుడు మేము ముగ్గురమే ఉన్నాము. చెల్లెలు మరునాడు దొరికింది. ఆడనే ఇసుకలో పూడ్చిపెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చినాము.

ఆ తరవాత నాయన కట్ట ఎక్కలేదు. తూము ఎప్పుడు తీయాలని ఎవరొచ్చి అడిగినా, నాకు నీళ్ళు తెలీదప్పా అనేవాడు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేదేమో. అట్లనే ఏండ్లు గడిచినాయి. రెండువేల సంవత్సరం దాటినాక ఒక ఏడాది వానలు పట్టుకుని వదల్లేదు. చెరువు నిండి, తెగేటట్టుగా కట్ట ఊట పట్టింది, బిగుసుకుపోయిన తూము ఎట్ల తీయాలో కుర్రవాళ్ళకు తెలియలేదు. తెల్లవారుతూనే ఊరంతా మా వాకిట్లో నిలబడినారు. నాయన తల వంచుకుని అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఉన్నాడు. అప్పుడు అమ్మ లోపలనుంచి వచ్చింది.

“లేయి. వాళ్ళిండ్లలోనూ పిల్లోళ్ళు ఉండారు.”

నాయన లేచి పోయినాడు. మధ్యాహ్నానికి తూము తెరుచుకుంది, కట్ట నిలిచింది. తడిసి ముద్దయి వచ్చినాడు, అమ్మ తల తుడుస్తా ఉంటే అన్నేండ్లకు మొదటిసారి బిడ్డ పేరు పెట్టి ఏడ్చినాడు. నేనూ గోడ పట్టుకుని ఏడ్చినాను.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. చెరువు సగం ఇండ్ల సైట్లయింది, మిగతా సగంలో తుమ్మచెట్లు. నీరుగంటి అంటే ఎవరని మా ఊరివాళ్ళే అడుగుతారు. సముద్రం నీళ్ళు ఏ వేళకు ఎక్కుతాయో ఫోన్‌లో చూసుకునే పోతారంట పిల్లలు. మంచిదే, సుఖంగా పోయి రానీ. మాకే ఆ మాత్రం తెలిసి ఉంటే, నాతోపాటు ముసలిదయ్యే మనిషి ఒకతి నాకూ ఉండేది.