మగ్గం కింది వెచ్చదనం

చిలీ దేశపు చిలోయె దీవిలో మగ్గం నిలబడదు, పడుకుంటుంది. నేల పలకలకు తొలిచిన నాలుగు కన్నాల్లో నాలుగు గూటాలు దింపి, వాటికి కర్రలు కట్టి పడుగు బిగిస్తారు. నేసే మనిషి మోకాళ్ల మీద వంగి నేస్తుంది. ఎర్మినియా నలభై ఏళ్లుగా అలాగే నేస్తోంది.

ఇల్లు కర్ర దిమ్మెల మీద ఉంది. కింద మనిషి పాకేంత ఖాళీ. సముద్రపు గాలి ఆ ఖాళీలో దూరి, పలకల సందుల్లోంచి పైకి ఎక్కి, రెండేళ్లుగా ఆమె మోకాళ్లలో కాపురం ఉంటోంది. ఇప్పుడు లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

"నేల వెచ్చగా ఉంటే ఇంకో పదేళ్లు నేస్తాను," అంది మరిదితో. చనిపోయిన భర్త తమ్ముడు బౌదిలియో వడ్రంగి. వానలు ముదరకముందే నేల కిందికి పాకి, కడగని గొర్రె ఉన్నిని జిడ్డుతో సహా దూలాల మధ్య కూరాడు. జారకుండా పాత చేపల వల పరిచి మేకులు కొట్టాడు.

"దుప్పటి మనుషులకు నేస్తావనుకున్నా వదినా. ఇంటికి లాగు తొడిగిస్తావనుకోలేదు."

"నోరు మూసుకుని కొట్టు. సగం గాలి నీ మాటల్లోంచే వస్తోంది."

కొంత నయమనిపించింది. ఈలోగా కోళ్లు వలలోంచి ఉన్ని పీకి గూళ్లు కట్టుకోవడం మొదలెట్టాయి. ఇంటి అడుగు చుట్టూ బల్లలు కొట్టి మూసెయ్యమంది ఎర్మినియా.

"కింద గాలి ఆడాలి వదినా. నాన్న ఒక్క వైపైనా తెరిచే ఉంచేవాడు."

"మీ నాన్న మోకాళ్ల మీద కూర్చుని నేశాడా? కొట్టు."

నాలుగు వైపులా కొట్టాడు. ఆ చలికాలమంతా ఆమె నొప్పి లేకుండా నేసింది. బడి పంతులమ్మ అడిగిన పెద్ద దుప్పటి సగానికి వచ్చింది. ఒక పొద్దున చెక్క కత్తితో పేకను గట్టిగా కొట్టేసరికి గూటం పక్కకు ఒరిగింది. నొక్కితే ఉడికిన బంగాళాదుంపలోకి దిగినట్టు దిగిపోయింది.

బౌదిలియో ఒక బల్ల పీకి లోపలికి పాకాడు. బురదంటిన మోచేతులతో బయటికొచ్చాడు.

"గాలి ఆడక ఉన్ని తడి పీల్చి పలకలకే అతుక్కుంది. పలకలన్నీ మెత్తబడ్డాయి."

"కొత్త పలకలు వేస్తే?"

"ఉన్ని ఉన్నంతకాలం, బల్లలు పీకినా అవీ ఇంతే."

"ఉన్ని తీసేస్తే?"

అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "గూటాలు నిలుస్తాయి. నువ్వే కూర్చోలేవు."

ఎర్మినియా అరచెయ్యి నేల మీద ఆనించింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"బల్లలు నేనే కొట్టమన్నాను," అంది.

"నేనే కొట్టాను."

అతను ఆమెకి ఎదురుగా మగ్గం తల దగ్గర చతికిలబడి, అక్కడి రెండు గూటాలనూ రెండు చేతులతో నిలబెట్టి పట్టుకున్నాడు. పడుగు బిగిసింది.

"నువ్వు నేయి."

"ఎంతసేపని పట్టుకుంటావు?"

"నేయి వదినా."

ఆమె మోకాళ్ల మీద వంగి పేక తోసింది. నాలుగు వరసలు నేసింది. ఐదో వరసకి, ఆమె వైపున్న గూటాలు రెండూ నెమ్మదిగా అతని వైపుకు వాలసాగాయి. బౌదిలియో చూశాడు. చేతులు వదల్లేదు.