పెద్దమ్మగారు నవ్విన ఎపిసోడ్

అద్దాలమ్మాయికి టీవీ స్టూడియోలో ఒక మనిషి ఉన్నాడట. మామూలు మనిషి కాదట, మనసిచ్చిన మనిషట. కెమెరా దగ్గర పనిచేస్తాడట. టీవీలో రాని ముక్కలన్నీ గుట్టుగా ఆమె ఫోనుకి పంపుతాడట. బదులుగా ఈమె అతనికి చలవ కళ్ళజోళ్ళు పంపుతుందట. కళ్ళజోళ్ళ సంగతి ఎవరు చేర్చారో తెలియదు గానీ, అది చేరాకే పుకారుకి నమ్మకం కుదిరింది. ఊరికే ప్రేమ అంటే ఎవరు నమ్ముతారు, ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉండాలి కదా.

ఈ మాట మొదట ఎవరన్నారని అడిగితే ఎవరికి వారు "నేను కాదమ్మా" అనేవాళ్ళే. వీధి మొదట్లో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర అది "ఎవరో ఉన్నారేమో" అన్నంత చిన్నది. వీధి చివరికి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచి, మీసం కూడా వచ్చింది.

అద్దాలమ్మాయి అంటే కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే పిల్ల. పాతికేళ్ళు దాటినా నోరు విప్పదు కాబట్టి అందరికీ పిల్లే. వదులైన కాడకి స్క్రూ బిగించడం, పచ్చబడ్డ ముక్కు ప్యాడ్లు మార్చడం, చెవి వెనక ఒరుసుకుంటున్న ఫ్రేముని వేడి గాలిలో పెట్టి కాస్త వంచడం ఆమె పని. వీటికన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. కొనడానికి వచ్చిన వాళ్ళ ముఖం ముందు అద్దం పట్టుకుని నిలబడటం. అద్దం పట్టుకున్న మనిషి వంక ఎవరూ చూడరు. అందుకని ఆమె అందరి వంకా తీరిగ్గా చూస్తుంది. బాగుందని నోటితో అంటూ మనసులో బేరమాడుతున్న ముఖం ఎలా ఉంటుందో, మొగుడికి నచ్చలేదని తెలిశాక అదే ఫ్రేము కావాలని పట్టుబట్టే ముఖం ఎలా ఉంటుందో ఆమెకి కంఠతా వచ్చు.

షాపు గోడమీద ఒక టీవీ ఉంది. సాయంత్రం ఏడింటి సీరియల్ వేళకి బేరానికి వచ్చిన వాళ్ళు కూడా బేరం మానేసి దానివంక తలెత్తి నిలబడతారు. అందులో ఒక పెద్దింటి పెద్దమ్మగారు ఉంటుంది. ఎప్పుడూ కారు వెనక సీట్లో, నవ్వన్నదే ఎరగని ముఖంతో కూర్చుంటుంది. ముందు సీట్లో డ్రైవరు. అతని ముఖం మనకి సరిగ్గా కనపడదు, వెనక్కి చూసే చిన్న అద్దంలో రెండు కళ్ళు మాత్రం కనపడతాయి. జనమంతా ఆ ఇంటి కొత్త కోడలి కష్టాలకి ముక్కులు చీదుకుంటుంటే, అద్దాలమ్మాయి ఆ చిన్న అద్దాన్ని చూసేది. అద్దంలో చూసే కళ్ళ సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా?

మధ్యాహ్నం ఓనరు గారు అన్నానికి వెళ్ళగానే, అద్దాలు అరగదీసే మిషను వెనక స్టూలు మీద కూర్చుని ఫోనులో మొదటి వీడియో చేసింది. ఒక ఎపిసోడ్‌లో డ్రైవరు కళ్ళెత్తుతాడు. ఎన్నో వారాల తరవాతి ఎపిసోడ్‌లో పెద్దమ్మగారు కిటికీ నుంచి ముఖం తిప్పుతుంది. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన అతికిస్తే, అతను చూశాడు, ఆవిడ పట్టేసుకుంది. అయితే ఒక చోట ఆవిడది ఆకుపచ్చ చీర, ఇంకో చోట నీలం. చీర కనపడకుండా బొమ్మని పెద్దది చేసి ముఖం మాత్రం ఉంచింది. ఆ దెబ్బకి మూలనున్న చానల్ గుర్తు కూడా అవతలికి పోయింది. కింద ఒక పాత ప్రేమ పాట పెట్టి, తబలా దెబ్బ పడ్డ చోటల్లా కారు తలుపు మూసుకునేలా కోసింది. తలుపు చప్పుడు లేకపోయినా పడ్డట్టే ఉంటుంది. దానికోసం ఆ ముక్కని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరిపి జరిపి, చల్లారిన టీని కూడా మరచిపోయింది.

ఇంట్లో వదినకి చూపించింది. వదిన ఏడింటి సీరియల్ అభిమానుల గ్రూపులో పెద్ద తలకాయల్లో ఒకతె. పెద్దమ్మగారిని రోజూ వంటింట్లో నిలబడి శాపనార్థాలు పెట్టే మనిషి.

"ఎవరే చేసింది ఇది?"

"నేనే వదినా."

"నువ్వా! ఉప్పు కావాలంటే కూడా సైగ చేసే దానివి, నువ్వా?" అని వదిన ఇంకోసారి చూసింది, మూడోసారి గిన్నెలు కడగడం ఆపి చూసింది. "ఆవిడకీ ఆ డ్రైవరుకీనా! ఎంత తెగింపే నీకు!" అంటూనే గ్రూపులో పడేసింది.

గ్రూపు గగ్గోలెత్తింది. సగం మంది "అయ్యో ఇదేం చోద్యం" అన్నారు. అలా అన్న వాళ్ళే ఎక్కువసార్లు చూశారు. మూడో వీడియో నాటికి అందరూ పెద్దమ్మగారిని తిట్టడం తగ్గించారు. నాలుగోదానికి, ఆవిడ కారెక్కే సీను వస్తే చాలు పిల్లల్ని "నోరుమూసుకోండర్రా" అని కసరడం మొదలుపెట్టారు. తను నోరు విప్పకుండానే ఇంతమంది చేత ఇన్ని మాటలనిపించడం అద్దాలమ్మాయికి మహా సరదాగా ఉండేది. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు తల వంచుకుని స్క్రూలు బిగించేది.

ఐదో వీడియో దగ్గర చిక్కు వచ్చింది. ఆ పాటలో ఒక చోట వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క వేణువే మిగులుతుంది. అక్కడ పెద్దమ్మగారు నవ్వాలి. నవ్వకపోతే వీడియో లేనట్టే. కానీ సీరియల్ మొదలైన నాటి నుంచీ ఆవిడ నవ్విన పాపాన పోలేదు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండేది. అద్దాలమ్మాయి పాత ఎపిసోడ్లన్నీ వెతికింది. చివరికి ఆసుపత్రి సీనులో, మంచం పక్కన నిలబడి పెద్దమ్మగారు తుమ్మింది.

తుమ్ము అంటే తీసిపారేస్తాం గానీ, తుమ్ముకి ముందు ముఖం చూడండి ఎప్పుడైనా. కళ్ళజోడు తుడిచిన గుడ్డలో దుమ్ము ముక్కుకెక్కిన బేరగాళ్ళని అద్దాలమ్మాయి ఎంతమందిని చూసిందో. కనుబొమలు పైకి లేస్తాయి, కళ్ళు సగం మూతపడతాయి, పెదవులు విడతాయి, గడ్డం కాస్త పైకెత్తుకుంటుంది. దూరం నుంచి ఎవరో ఇష్టమైన వాళ్ళు పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది ముఖం. ఆ రెప్పపాటు ముక్కని తీసి, నాలుగింతలు సాగదీసి, రుమాలు పైకి రాకముందే కోసేసింది. వేణువు కింద పెట్టింది. పెద్దమ్మగారు నవ్వింది.

ఇక చూడండి. గ్రూపులో ఆడవాళ్ళందరూ ఆ నవ్వుని తమ ఫొటో స్థానంలో పెట్టుకున్నారు. వదినయితే తన పెళ్ళి ఫొటో తీసేసి మరీ పెట్టుకుంది. అన్నయ్య చూసి నొచ్చుకుంటే, "అందులో నేను నవ్వలేదుగా, ఇందులో ఆవిడ నవ్వింది" అంది.

ఆ తరవాత అందరూ ఆ నవ్వు ఏ ఎపిసోడ్‌దో వెతకడం మొదలుపెట్టారు. అందరూ నవ్వుని వెతికారు, తుమ్ముని ఎవరు వెతుకుతారు? ఎంతకీ దొరకలేదు. దొరకలేదంటే టీవీలో రాలేదన్నమాట. రానిది ఈ పిల్లకెలా వచ్చింది? అలా పుట్టాడు స్టూడియో మనిషి.

పుకారు వల్ల కొంత లాభం కూడా జరిగింది. స్టూడియోలో మనిషి ఉంటే రాబోయే కథ కూడా తెలిసి ఉండాలి కదా. శుభ్రంగా ఉన్న కళ్ళజోడుకి స్క్రూ వదులైందని చెప్పి ఆడవాళ్ళు షాపుకి రావడం మొదలుపెట్టారు. బట్టలు కుట్టే ఆవిడ కౌంటరు మీదకి వంగి, "ఏమ్మా, కోడలు పిల్ల బతుకుతుందా?" అని గుసగుసగా అడిగింది. సరిగ్గా అప్పుడే స్క్రూ చేజారి కిందపడటంతో అద్దాలమ్మాయి "అయ్యో" అంది. ఆ సాయంత్రానికి కోడలు పిల్ల పోతుందని వీధంతా తెలిసిపోయింది. ఓనరు గారు గల్లా పెట్టె వంక చూసుకుని, "అమ్మాయ్, నిలబడి ఎందుకు, కుర్చీ వేసుకో" అన్నారు. అన్నాళ్ళలో ఆయన కుర్చీ మాటెత్తడం అదే మొదలు.

ఈ వ్యవహారం లెక్కల టీచరమ్మ దాకా వెళ్ళింది. ఆవిడే గ్రూపుకి పెత్తందారు. రిటైరయ్యారు గానీ, ఎదురుగా ఎవరున్నా బెంచీల మీద కూర్చోబెట్టినట్టే మాట్లాడతారు. ఏ ముక్క ఏ ఎపిసోడ్‌దో చెప్పలేని వీడియో గ్రూపులో ఉండకూడదని ఆవిడ పెట్టిన నియమం. ఆదివారం మధ్యాహ్నం తన ఇంటికి రమ్మని కబురు పంపారు. నవ్వు ఏ ఎపిసోడ్‌దో చెప్పాలి. లేదూ, స్టూడియో నుంచి వచ్చిందంటే పంపిన వాడెవరో చెప్పాలి. ఏదీ చెప్పకపోతే వీడియో తీసెయ్యాలి.

"చెప్పెయ్యవే పిల్లా," అని వదిన ఆమె జడ అల్లుతూ బతిమాలింది. "మీ అన్నయ్యతో నేను మాట్లాడతాగా. కెమెరా పనంటే మంచి పనే. నల్లగా ఉంటాడా, ఎర్రగా ఉంటాడా?"

"ఎవరూ లేరు వదినా."

"మొదట్లో నేనూ ఇలాగే అన్నా," అని వదిన జడ గట్టిగా లాగింది.

అద్దాలమ్మాయికి పెద్ద తంటా వచ్చిపడింది. స్టూడియోలో మనిషి ఉన్నాడని ఒక్క అబద్ధం ఆడితే నవ్వు బతుకుతుంది. నిజం చెబితే నవ్వు చచ్చిపోయి తుమ్ము మిగులుతుంది. పొద్దుట గిన్నెల ముందు నడుం పట్టేసి నిలబడ్డ వదిన, తడి చేత్తోనే ఫోను తెరిచి ఆ నవ్వు చూసుకుని, అచ్చం అలాగే గడ్డం కాస్త పైకెత్తడం ఆమె చూసింది. అలాంటిదాన్ని చేతులారా చంపడమా? అబద్ధమే మేలు. కాకపోతే ఆ వెంటనే అన్నయ్య చొక్కా వేసుకుని, ఆ మనిషిని చూసొస్తానని బయల్దేరతాడు. లేని మనిషిని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తుంది?

ఆదివారం టీచరమ్మ హాలు నిండిపోయింది. సోఫా మీద నలుగురు, సోఫా చేతుల మీద ఇద్దరు, చాప మీద మిగతా వాళ్ళు. పెద్ద టీవీ పక్కన చేతిలో స్కేలుతో టీచరమ్మ నిలబడ్డారు. అద్దాలమ్మాయిని మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఊ, చెప్పమ్మాయ్. ఉన్నాడా, లేడా?"

వదిన చాప మీద నుంచి సగం లేచింది. అద్దాలమ్మాయి వదిన ముఖం చూసి, కళ్ళు మూసుకుని, ఉన్నాడన్నట్టు తలూపబోయింది.

"ఉన్నాడు! నే చెప్పలా! పేరేంటే?" అంది వదిన.

పేరు! ఎంత ఆలోచించినా ఒక్క పేరూ తట్టలేదు. నోట్లోంచి ఉన్న మాట జారిపోయింది.

"తుమ్ము."

"అదేం పేరే?" అంది బట్టలు కుట్టే ఆవిడ.

ఇక దాచి లాభం లేదు. నేల వంక చూస్తూ, ఆసుపత్రి సీను సంగతీ, సాగదీసిన సంగతీ, రుమాలు కోసేసిన సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆమె నోటివెంట అన్ని మాటలు ఒక్కసారిగా రావడం అక్కడ ఎవరూ ఎరగరు.

టీచరమ్మ ఆ ఎపిసోడ్ వెతికి, సరిగ్గా ఆ ముక్క దగ్గర పెట్టారు. పెద్దమ్మగారు గడ్డం ఎత్తింది, హాలు అదిరేలా తుమ్మింది, రుమాలుతో తుడుచుకుంది. అంతే. అయిపోయింది అనుకుంది అద్దాలమ్మాయి. ఫోను తీసి, వీడియో చెరిపెయ్యడానికి వేలు పెట్టింది.

"మళ్ళీ వెయ్యండి టీచర్ గారూ," అంది బట్టలు కుట్టే ఆవిడ.

మళ్ళీ వేశారు. మళ్ళీ తుమ్మింది. మూడోసారి వదిన ఒక్క గంతులో టీవీ దగ్గరికి వెళ్ళి తెర మీద వేలు పెట్టింది.

"ఆపండి! ఇక్కడ! ఇది తుమ్ముకి ముందు. చూశారా? నవ్వింది!"

"అవునే!" అన్నారు సోఫా మీద నలుగురూ.

"నవ్వు బయటపడిపోతుందని తుమ్మింది! మా అత్తగారి ముందు నేనూ అంతే, నవ్వొస్తే దగ్గేస్తాను."

"కాదు వదినా, అది ఉత్త తుమ్మే," అంది అద్దాలమ్మాయి.

"నువ్వూరుకో, నీకేం తెలుసు!" అని నలుగురైదుగురు ఒక్కసారిగా కసిరారు.

టీచరమ్మ స్కేలుతో తెరని తట్టారు. "ముందు నవ్వు ఉంది. వెనక తుమ్ము ఉంది. రెండూ ఎపిసోడ్‌లోనే ఉన్నాయి. వీడియో ఉంటుంది."

ఊపిరి పీల్చుకున్నారు అందరూ. స్టూడియో మనిషి అక్కడితో చచ్చాడు. వాడి కోసం బాధపడింది వదిన ఒక్కతే. "అయితే చలవ కళ్ళజోళ్ళు కూడా ఉత్తిదేనా?" అని రెండుసార్లు అడిగింది.

టీ వచ్చింది. అద్దాలమ్మాయి చేతికి గ్లాసిస్తూ టీచరమ్మ గొంతు తగ్గించారు.

"ఒక్కటి చెప్పమ్మాయ్. ఆ డ్రైవరు ఆస్తి కాగితాలు కాజెయ్యడానికే ఆ ఇంట్లో చేరాడని మొదటి వారంలోనే తన నోటితో చెప్పాడు. కారెక్కితే చాలు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కుక్కల్లా కరుచుకుంటారు. వాళ్ళ మధ్య ప్రేమ ఉందని నీకెలా తట్టింది?"

గ్లాసులు ఆగిపోయాయి. అందరూ ఆమె వంకే చూశారు.

"పోట్లాడుకుంటారా?" అంది అద్దాలమ్మాయి.

షాపులో టీవీకి ఎప్పుడూ శబ్దం ఉండదు. ఓనరు గారికి తలనొప్పి. ఫోనులో ఎపిసోడ్లు వెతికినా, పాటకి అడ్డం రాకుండా ఆమె మొదట తీసేసేది శబ్దమే. పెద్దమ్మగారి గొంతు ఆమె వినడం ఆ మధ్యాహ్నమే మొదలు, అదీ ఒక్క తుమ్ము.