ఎదురు నూగు

ప్రయాణం నుంచి తిరిగొచ్చిన మర్నాటి నుంచీ ఆమెకు అన్నిటి మీదా కోపంగా ఉంది. కారే కుళాయి మీద, కిటికీకి అడ్డంగా నిలబడ్డ పక్కింటి గోడ మీద, చివరికి తన చెప్పుల మీద కూడా. సముద్రం ఒడ్డున ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చునేది. తాళాలెక్కడని గానీ, గుడ్డ ఎంత పడుతుందని గానీ అడిగేవాళ్లు లేరు. యాభై దాటాక చేసిన మొదటి ప్రయాణం అది. ఇంటికొచ్చి తలుపు తీయగానే మూసిన గది వాసన గుప్పుమంది. కోపం అప్పుడే మొదలైంది.

మొగుడికి అలాంటి బాధేమీ లేదు. వీధిలో కనపడ్డవాళ్లందరికీ సముద్రం గురించి చెబుతున్నాడు. పొద్దున మంగలి దుకాణంలో నడుము దాకా వచ్చిన అల, సాయంత్రానికి మేడ ఎత్తు లేచింది. చెప్పిన కొద్దీ అతని మొహం వెలిగేది. తన సముద్రాన్ని కూడా అతనే ఖర్చు పెట్టేస్తున్నట్టు ఆమెకు అనిపించేది.

ఆమె మాత్రం సూట్‌కేసు కూడా విప్పలేదు. మంచం పక్కన నిలబెట్టి ఉంచింది. ఇద్దరూ దాని పక్కనుంచి ఒదిగి నడిచేవారు. ఒకరోజు నిద్ర లేచేసరికి పెట్టె నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. లోపలి బట్టలన్నీ ఉతికి, పిండి, తీగ మీద ఆరేసి ఉన్నాయి.

"నీకో పని తప్పించాను," అన్నాడు మొగుడు, చేతులు తుడుచుకుంటూ.

"ఎవరు విప్పమన్నారు మిమ్మల్ని?"

"గదంతా ఇసుక రాలుతోంది."

"రాలనివ్వాల్సింది."

"బట్టలుతికితే తిట్టే పెళ్లాన్ని నేనెక్కడా చూళ్లేదు."

ఆ బట్టల్లో నిన్నటి దాకా ఉప్పుగాలి వాసన ఉండేదని, పడుకునే ముందు ఒకసారి పెట్టె మూత ఎత్తి చూసుకునేదాన్నని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. టీ కూడా తాగకుండా పనికి బయల్దేరింది.

ఆమె పనిచేసేది తెరలు కుట్టే దుకాణంలో. గుడ్డ కత్తిరించే బల్ల ఆమెది, అందుకే అక్కడ అందరికీ ఆమె కత్తెరక్క. ఆమె లేని రోజుల్లో ఆ బల్ల దగ్గర పిన్ని నిలబడింది. పిన్ని అసలు మిషను మనిషి. వయసులో పెద్దది, అందరికీ పిన్నే.

"మీరు లేకపోయినా ఏ ఇబ్బందీ రాలేదక్కా," అని యజమాని మొదటి రోజే అన్నాడు. ఆమె సంతోషిస్తుందనే అనుకున్నాడు. "ఇప్పుడు నాటకాల హాలు తెర పని వచ్చింది. ఇది అయ్యాక చూద్దాం, కత్తిరింపు మీరిద్దరూ పంచుకోవచ్చేమో."

రావాలనిపించని చోటికి తిరిగొచ్చింది. వస్తే, తను లేకపోయినా ఇక్కడ ఏమీ ఆగలేదట. ఈ రెండూ కలిసి ఆమె కోపాన్ని రెట్టింపు చేశాయి. ఆ బల్ల ఎవరికీ ఇచ్చేది లేదని ఆ రోజే అనుకుంది.

హాలు తెర ముదురెరుపు వెల్వెట్. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా తగులుతుంది. తెరకు అతికే ముక్కలన్నిటికీ నూగు ఒకే వైపు ఉండాలి. ఒక్కటి తిరగబడినా దీపాల వెలుగులో అది వేరే రంగులా కనపడుతుంది. అందుకే కత్తిరించేవాళ్లు ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గీస్తారు. కుట్టేవాళ్లు ఆ బాణం చూసి కుడతారు. బాణం గురించి కుట్టేవాళ్లు అడగరు. అది దుకాణంలో పాత కట్టుబాటు.

ఆ పొద్దున ఆమె కత్తెర పళ్లు కొరుకుతున్నట్టు నడిచింది. పిన్ని బల్ల దగ్గరకొచ్చి, ఒక ముక్క అంచు మీద అరచెయ్యి పెట్టి, "అమ్మాయ్, ఇదొకసారి..." అంది.

"బాణం చూసి కుట్టు పిన్నీ. నాకు నేర్పకు."

పిన్ని ముక్క తీసుకుని మిషను దగ్గరికెళ్లింది. బాణం చూసి కుట్టింది.

మధ్యాహ్నం తెరను పై కమ్మీకి వేలాడదీసి దీపం వేశారు. నిండు ఎరుపు మధ్యలో ఒక పట్టీ వెలిసిపోయినట్టుంది. మిషన్లన్నీ ఆగాయి. యజమాని దగ్గరకొచ్చి చూశాడు.

"ఇదెవరి పని?" అన్నాడు.

పిన్ని దారపుండ చుట్టుకుంటూ తల వంచుకుంది. తప్పు పిన్ని మీదకు తోసెయ్యడం ఎంతో సులువు. కుట్టేటప్పుడు ముక్క తిరగబడిందంటే చాలు. బల్ల కూడా తన దగ్గరే ఉంటుంది. ఆమె నోటి దాకా వచ్చింది ఆ మాట.

"బాణం నాది," అంది.

"మీరా అక్కా? ఊరెళ్లొచ్చాక మీ మనసు ఇక్కడ లేదు."

"లేదు. అయితే ఏంటి? విప్పి తిప్పి కుడతాను. మడతలో కుట్టు గుర్తులు దాగిపోతాయి."

"సాయంత్రానికి వేలాడాలి. లేదంటే ఇక బల్ల పిన్నిదే," అని అతను వెళ్లిపోయాడు.

ఆమె నేల మీద కూర్చుని కుట్టు విప్పసాగింది. వెల్వెట్ చిరక్కుండా ఒక్కో పోగే లాగాలి. కాసేపటికి పిన్ని వచ్చి ఎదురుగా చతికిలబడి, రెండో కుట్టు అందుకుంది.

"నిన్ను రమ్మన్నానా?"

"లేదు. మోకాళ్లు నొప్పి, కూర్చోడానికొచ్చాను. అల మేడంత వచ్చిందట కదా? మీ ఆయన మా వీధిలో చెబుతున్నాడు."

"అబద్ధం. మోకాళ్ల దాకా కూడా రాలేదు."

"మరి?"

ఆమె పోగు లాగుతూనే చెప్పింది. అల వెనక్కిపోతూ కాళ్ల కింద ఇసుక లాక్కెళ్లడం, కుర్చీ ఒక పక్కకు ఒరగడం, అయినా తను లేవకపోవడం. "అక్కణ్ణుంచి రాబుద్ధి కాలేదు పిన్నీ."

"మరెందుకొచ్చావ్?"

"ముందే తిరుగు టికెట్లు తీసేశాడు, మహానుభావుడు."

పిన్ని పొట్ట కదిలేలా నవ్వింది. ఆమె నవ్వలేదు, కానీ చేతిలో పోగు తెగకుండా చివరి దాకా వచ్చింది.

పొద్దు వాలేసరికి తెర మళ్లీ వేలాడింది. దీపం వేస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే ఎరుపు. యజమాని దూరం నుంచి చూసి, "బల్ల సంగతి మీరిద్దరే తేల్చుకోండి," అని లోపలికి పోయాడు.

ఆమె సుద్దముక్క తీసి బల్ల మీద తన వైపు పెట్టుకుంది.

"నూగు తిరగబడిందని పొద్దునే నీ చేతికి తెలిసింది కదూ, పిన్నీ?"

"తెలిసింది."

"ఇంకోసారి తెలిస్తే చెప్పు."

"తిడతావు."

"తిడతాను. అయినా చెప్పు."