సీమ నుంచి వచ్చిన ఏడో ప్రశ్న

ధవళేశ్వరంలో ఒక దొరగారి దగ్గర నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆయనకి వాళ్ళ ఇంగ్లండు సీమ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన జంతుశాస్త్ర పండితుడట. మనుషులూ జంతువులూ ఒకే మూలం నుంచి మారుతూ వచ్చాయని ఆయన వాదం. అదే నిజమైతే అన్ని దేశాలవాళ్ళూ కోపం, సిగ్గు, దుఃఖం ఒకేలా చూపించాలి కదా, మీ దగ్గరి జనాన్ని చూసి చెప్పండి అంటూ పన్నెండు ప్రశ్నలు పంపాడు. దొరగారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, విన్నది రాయొద్దు, కళ్ళతో చూసిందే రాయమన్నారు.

మా గుమాస్తాల సంగతి చెప్పేదేముంది! పైనుంచి కాగితం వస్తే అందులో గడి ఖాళీగా వదలడం మాకు చేతకాదు. కోపం కోసం రేవులో చేపలమ్మే ఆడవాళ్ళ పోట్లాట చూశాను. నాకూ రెండు తిట్లు తగిలాయి. సిగ్గుకి మా బావమరిది పెళ్ళిచూపులు పనికొచ్చాయి. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. దుఃఖంలో కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయా? చావు జరిగిన ఇళ్ళకి వెళ్ళి నిలబడ్డాను. మా వైపు ఆడవాళ్ళు మొహం మీద కొంగు కప్పుకునే ఏడుస్తారు. ఇంకేం కనపడుతుంది?

ఆ వానాకాలం మా అమ్మాయికి జ్వరం తగిలింది. నాలుగేళ్ళ పిల్ల. పదో రోజు మధ్యాహ్నం తల్లి ఒళ్ళోనే ప్రాణం పోయింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నా భార్య కొంగు సంగతే మరిచిపోయి నా వైపు తలెత్తింది. నేను ఆవిడ కనుబొమలు చూశాను. లోపలి కొసలు లేచాయి, నుదుటి నడుమ ముడతలు పడ్డాయి. పాపిష్టివాణ్ణి, కుడిదానికన్నా ఎడమది ఎక్కువ లేచిందని కూడా గమనించాను. మైల తీరాక వెళ్ళి ఏడో జవాబు రాశాను.

ఏడాదికి తిరుగు ఉత్తరం వచ్చింది. అన్నిటిలోకీ ఏడో జవాబే ఎంతో ఉపయోగపడిందని ఆ పండితుడు మెచ్చుకున్నాడు. నేను ఒళ్ళు తెలియని సంబరంతో ఇంటికెళ్ళి ఆ మాట నా భార్యతో చెప్పాను.

“ఏం రాశారేంటండీ?” అంది పప్పు రుబ్బుతూ.

చెప్పాను. పొత్రం ఆగిపోయింది.

“ఆవేళ మీరు నా మొహంలోకి అలా చూస్తుంటే, నాతోపాటు ఏడుస్తున్నారనుకున్నానండీ. ఇన్నాళ్ళూ ఆ చూపు తలుచుకునే గుండె చిక్కబట్టుకున్నాను,” అంది. పొత్రం వదిలేసి మళ్ళీ తనే అడిగింది. “అప్పుడంతా నన్నే చూస్తూ కూర్చున్నారు కదా, మరి పిల్లనెప్పుడు చూశారండీ?”

పిల్ల ఆఖరి మొహం కోసం ఎంత తడుముకున్నా నాకు గుర్తు రాలేదు. ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళు కాపురం చేశాం. తన తల్లి పోయి ఏడ్చిన రోజున కూడా నా ముందు మొహం మీది కొంగు తియ్యలేదు. చివరికి ఆవిడా కన్నుమూసింది. నా జన్మలో జవాబు రాయకుండా ఖాళీగా వదిలేసిన ప్రశ్న ఆవిడ అడిగింది ఒక్కటే.